ఏడేళ్ల బ్యాటు: కొత్తది కొనలేదు, హ్యాండిల్ మార్పించాను

2018లో ఇంగ్లిష్ విల్లో చెక్కతో చేసిన ఒక బ్యాటు కొన్నాను. మీరట్‌లో తయారైంది, షార్ట్ హ్యాండిల్, బరువు 1160 గ్రాములు. పదహారు వేలయింది. అనంతపురంలో ఆదివారం పూట లెదర్ బాల్‌తో ఆడే జట్టు మాది. కరోనాలో ఆట ఆగిన నెలలు తీసేస్తే, అప్పటి నుంచి నా చేతిలో ఉన్నది ఈ ఒక్క బ్యాటే.

కొత్తదాని మీద మనసు పోయింది 2024 సెప్టెంబర్‌లో. దులీప్ ట్రోఫీ మ్యాచులు మా ఊళ్లోనే, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో జరిగాయి. వాళ్ల బ్యాటుకు బంతి తగిలితే 'టక్' మని గట్టిగా, శుభ్రంగా వినిపించేది. ఇంటికొచ్చి నా బ్యాటు మీద పాత బంతితో తట్టి చూశాను. 'డబ్' మని మొద్దుగా పలికింది. ఆపైన మ్యాచుల్లో గమనిస్తే, యార్కర్ ఆపిన ప్రతిసారీ కింది చేతి వేళ్లు జివ్వుమంటున్నాయి. ఇక దీని పని అయిపోయిందనుకున్నాను.

అది నాకు ఇంతకాలం ఎలా పనికొచ్చిందో ముందు చెప్పాలి. మొదట్లో రోజుకు అరగంట చొప్పున రెండు వారాలు బ్యాటును మ్యాలెట్‌తో, అంటే చెక్క సుత్తితో కొట్టాను. ఇంట్లో అందరూ విసుక్కున్నారు కానీ ఆ పని వదలకూడదు. ముఖ్యంగా అంచులు, టో (బ్యాటు అడుగు కొస). అక్కడ పీచు గట్టిపడకముందే కొత్త బంతికి ఎదురెళ్తే అంచు లేచిపోతుంది. రెండో ఏడాది నుంచి ఐదో ఏడాది దాకా నిజంగా బంగారం లాంటి బ్యాటు. బ్యాటు మధ్యలో తగిలితే చేతికి ఏమీ తెలిసేది కాదు, బంతి మాత్రం వెళ్లిపోయేది.

దాని మీద ఉన్న రెండు దెబ్బలూ నా అజాగ్రత్త వల్ల తగిలినవే. మొదటిది నూనె. పెయింట్ షాపులో అవిసె నూనె అడిగితే ఉడికించినది ఇచ్చారు. నేనూ చూసుకోలేదు. అది పైన పొరలా గట్టిపడి జిగటగా ఉండిపోయింది. గరుకు కాగితంతో రుద్ది తీయడానికి ఒక ఆదివారం పోయింది. బ్యాటుకు కావాల్సింది ముడి నూనె, అదీ పలచగా, గుడ్డతో. స్టిక్కర్ల మీద, హ్యాండిల్ దిగే చోట పడకూడదు. రెండోది 2022 మే నెల. మ్యాచ్ అయ్యాక కిట్ బ్యాగు కారు డిక్కీలోనే మరిచిపోయి, రెండు రోజులు మిట్టమధ్యాహ్నపు ఎండలో కారు వదిలేశాను. మన ఎండల సంగతి తెలిసిందే. తీసి చూస్తే బయటి అంచు దగ్గర వెంట్రుకంత సన్నని నిలువు చీలిక. చెక్కలో ఉండాల్సిన కాస్త తేమ కూడా ఆరిపోయింది మరి. ఇంగ్లండ్‌లో చలికాలమంతా మూల పడి ఉన్న బ్యాటుకు నూనె రాస్తారట. మనకు మాత్రం ఎండాకాలానికి ముందు, మధ్యలో మరోసారి రాయాలి.

బెంగళూరు పని మీద వెళ్లినప్పుడు పాత బ్యాటు వెంట తీసుకెళ్లాను. షాపులో ఇరవై ఆరు వేల బ్యాటు చూపించారు. చెక్క మీద పదకొండు గ్రెయిన్స్ (నిలువు గీతలు), తెల్లగా మెరిసిపోతోంది. పక్కనే నెట్ ఉంది. రెండింటితో చెరి ముప్పై బంతులు ఆడాను. కొత్తదాన్ని ఇంకా మ్యాలెట్‌తో కొట్టి సిద్ధం చేయలేదు కాబట్టి పాత మెత్తని బంతులే ఇచ్చారు. ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు, ఒప్పుకుంటాను. అయినా ఒకటి స్పష్టంగా తెలిసింది: మధ్యలో తగిలిన బంతి నా పాతదాని నుంచే తేలికగా వెళ్లింది. టో వైపు తగిలినప్పుడే అది చేతిని కొట్టింది.

అక్కడ రిపేరు చేసే పెద్దాయనది హిందూపురం వైపు. బ్యాటు తీసుకుని, హ్యాండిల్ వదిలేసి బ్లేడును, అంటే బంతి తగిలే చెక్క భాగాన్ని, రెండు వేళ్లతో వేలాడదీసి మ్యాలెట్‌తో తట్టారు. టక్‌మంది! హ్యాండిల్ పట్టుకుని తట్టారు. డబ్‌మంది. గ్రిప్ కిందికి చుట్టి చూపించారు. దారం వదులైంది, లోపల బెత్తం నిలువునా రెండుగా విడిపోయింది, వంచితే కిర్రుమంటోంది.

"బ్లేడు బాగుంది సార్. హ్యాండిలే పోయింది. దీన్ని పారేస్తే నాకివ్వండి," అన్నారు.

మార్చడానికి రెండు వేల రెండొందలు. పాత బెత్తాన్ని ఉలితో కొంచెం కొంచెంగా తీసి, బ్లేడులోని 'వి' ఆకారపు గాడిని శుభ్రం చేసి, కొత్త బెత్తం హ్యాండిల్ జిగురుతో దింపి, రెండు రోజులు బిగించి ఉంచి, దారం చుట్టారు. తిరిగొచ్చాక తూస్తే 1175 గ్రాములుంది. పికప్, అంటే చేత్తో ఎత్తినప్పటి బరువు, కాస్త ఎక్కువగా అనిపించింది, అలవాటు పడటానికి మూడు మ్యాచులు పట్టింది. వేళ్ల జివ్వు పూర్తిగా పోయింది.

'కొత్త మోడల్‌లో అంచులు ఇంకా లావు' అని ఊరించేవాళ్లను నేను నమ్మను. 2017 అక్టోబర్ నుంచే అంచు 40 మిల్లీమీటర్లు, మందం 67 మిల్లీమీటర్లు దాటకూడదని నిబంధన ఉంది. నా బ్యాటు ఆ తర్వాతే తయారైంది. అంచు స్కేలుతో కొలిస్తే 38 వచ్చింది. ఇంకో పది వేలు పోసినా ఆ కొలతలో దొరికేది రెండు మిల్లీమీటర్లే. గ్రెయిన్స్ లెక్క కూడా అంతే. ఎక్కువ గీతలున్నవి త్వరగా ఆటకు సిద్ధమవుతాయి, కానీ మా జట్టులో ముందుగా పొరలు లేచినవీ అవే. నాదానికి ఏడే ఉన్నాయి.

అందరూ నాలాగే చేయాలని అనను. చీలిక అడ్డంగా ఉన్నా, బంతి తగిలే చోట బొటనవేలితో నొక్కితే చెక్క లోపలికి దిగుతున్నా, వెనక వెన్ను మీద పగులు కనిపిస్తున్నా రిపేరు మీద ఒక్క రూపాయి పెట్టకండి. అది కొత్తది కొనాల్సిన బ్యాటు. మ్యాట్ పిచ్ మీద గార్డ్ తీసుకుంటూ, అంటే స్టంపుల ముందు నిలబడే చోటు చూసుకుంటూ, బ్యాటును నేలకు కొట్టే అలవాటుంటే టో కూడా చూడండి. నాది రెండు మిల్లీమీటర్లు అరిగింది, రబ్బరు టో గార్డ్ అంటించాక ఆగింది.

2022 నాటి చీలిక ఇంకా ఉంది. సన్నని జిగురు పోసి, పైన ఫైబర్ టేపు చుట్టాను. చీలిక ఆగిన చోట టేపు పక్కనే పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాను. ప్రతి ఆదివారం ప్యాడ్లు కట్టుకునే ముందు దాన్ని చూస్తాను. చీలిక ఆ గీత దాటి మధ్యలోకి వచ్చిన రోజున ఇరవై ఆరు వేలూ ఖర్చు పెడతాను.