పాత కారు సామాను: కొట్లో బేరమా, ఫోన్లో బేరమా, మేస్త్రి చేత బేరమా?

మా ఇంట్లో ఉన్నది 1984 నాటి ప్రీమియర్ పద్మిని. దాన్ని రోడ్డు మీద ఉంచాలంటే పెట్రోలు కంటే ముందు బేరమాడే ఓపిక ఉండాలి. ముంబయి కుర్లాలో దాని తయారీ 2001 నాటికే ఆగిపోయింది. ఆ ఊళ్లో నల్ల పసుపు టాక్సీలుగా తిరిగిన పద్మినీల్లో చివరిది కూడా 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. ఇక సామాను కావాలంటే మిగిలిన దారులు మూడు: పాత సామాన్ల కొట్టు, ఫోన్లో మరో కారు యజమాని, లేదా మన మేస్త్రి. బేరం మూడు చోట్లా ఉంటుంది. కానీ ఒకచోట చెల్లిన మాట ఇంకోచోట మర్యాద తప్పినట్టు అవుతుంది. ఈ తేడా తెలియక నేను రెండుసార్లు పరువు పోగొట్టుకున్నాను.

ముందు కొట్టు సంగతి. విజయవాడ ఆటోనగర్‌లో ఊరికే రేటు కనుక్కుందామని కొట్టు తెరవగానే వెళ్లకండి. బోణీ వేళ అరగంట బేరమాడి వట్టి చేతులతో లేచిపోయినవాణ్ణి కొట్టాయన రోజంతా తలుచుకుంటాడు, మంచిగా మాత్రం కాదు. కొనాలని గట్టిగా అనుకుని వెళ్తే అదే బోణీ వేళ మనకి లాభం. ఎక్కువ లాగకుండా ఇచ్చేస్తాడు.

కొట్లో మొదట చెప్పేది బేరానికి చోటు ఉంచుకుని చెప్పే రేటు. 4000 అన్నదాన్ని 2500కి అడిగినా ఎవరూ ఏమీ అనుకోరు. అయితే నోరు తెరిచే ముందు సరుకు చేత్తో పట్టుకుని చూడాలి. కార్బొరేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపేది) అయితే థ్రాటిల్ స్పిండిల్ని, అంటే యాక్సిలరేటర్ తొక్కితే తిరిగే చిన్న ఇరుసుని, అటూ ఇటూ ఊపితే లూజు తెలిసిపోతుంది. ఆ సందులోంచి గాలి లాగితే ఐడిలింగ్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) ఎన్నిసార్లు సెట్ చేసినా నిలవదు. స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్‌నీ అలాగే పక్కలకి కదిపి చూడాలి. లూజు చూపించి ‘బుష్ వేయించుకోవాలండీ, ఆ ఖర్చు తీసేసి చెప్పండి’ అంటే బేరం. నేనేమో ఒకసారి చూసీ చూడకుండా ‘తుక్కు కింద పోయేదేగా, ఇంత రేటేంటి’ అన్నాను. ఆయన కార్బొరేటర్ నా చేతిలోంచి తీసుకుని, గుడ్డతో తుడిచి, లోపల పెట్టేశాడు. ‘తుక్కు కొట్టు ఆ చివర ఉంది సార్’ అన్నాడు. నెల తర్వాత మేస్త్రిని వెంటబెట్టుకుని వెళ్లి అదే కార్బొరేటర్ ఆయన చెప్పిన రేటుకే తెచ్చుకున్నాను.

ఇంకొకటి. మీరు అడిగిన రేటుకి ఆయన సరేనంటే తీసుకోవాల్సిందే. ‘ఇంకోచోట కూడా చూసొస్తా’ అనాలంటే అది మీ రేటు చెప్పకముందే అనాలి.

ఫోన్లో వ్యవహారం వేరు. అటువైపు ఉన్నాయన వ్యాపారి కాదు. తన కారుకని కొని దాచుకున్నదో, కారు అమ్మేశాక మిగిలిపోయినదో అమ్ముతున్నాడు. సగానికి సగం తగ్గించుకోగలిగేంత చోటు ఆ రేటులో సాధారణంగా ఉండదు. పదో వంతు తగ్గించమంటే బాగుంటుంది, అంతకు మించితే ఆయన ఫోన్ ఎత్తడు. అసలు మొదటి మెసేజే ‘లాస్ట్ ఎంత’ అని పెట్టేవాళ్లకి జవాబు రాకపోవడంలో వింతేమీ లేదు. ఏ సంవత్సరం బండిది, ఎవరు విప్పారు, వెనకవైపు ఫొటో ఉందా అని అడగాలి. బంపర్ ముందు నుంచి ఎండలో తీస్తే ఎలాంటిదైనా మెరుస్తుంది, తుప్పు దాక్కునేది వెనకాలే. గుంటలు పడ్డాక మళ్లీ క్రోమ్ ఎక్కించినా ఆ మచ్చలు కనిపిస్తాయి. ప్యాకింగ్, లారీ ఆఫీసు ఛార్జీ ఎవరివో కూడా రేటుతో పాటే తేల్చుకోండి. తర్వాత తేల్చుకుందామన్న చోటే గొడవ మొదలవుతుంది.

నా రెండో పరువు నష్టం ఇక్కడే. రాజమండ్రిలో ఒకాయన దగ్గర బంపర్ల జత ఫోన్లోనే 6500కి మాట్లాడుకున్నాం. వెళ్లి చూస్తే ఫొటోలో కంటే బాగున్నాయి. అయినా నోరు ఊరుకోక, డబ్బు లెక్కపెడుతూ 500 తగ్గించమన్నాను. ఆయన ఏమీ అనకుండా 500 వెనక్కి ఇచ్చి, కాఫీ కూడా ఇప్పించాడు. ఆ తర్వాత ఆయన దగ్గరున్న మీటర్ బోర్డు వేరేవాళ్లకి వెళ్లిపోయిందని తెలిసింది. నాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. సరుకు ఫొటోకి భిన్నంగా ఉంటే మాత్రం అక్కడికక్కడే రేటు మళ్లీ ఎత్తవచ్చు, అది తప్పు కాదు.

గేర్‌బాక్స్, ఇంజన్ లాంటి విప్పకుండా కొనే సరుక్కి మేస్త్రే మేలు. షాఫ్ట్ తిప్పి చూడటం, ఆయిల్లో ఇనుప రజను ఉందేమో చూడటం తప్ప పైనుంచి తెలిసేది తక్కువ. అక్కడ వెయ్యి తగ్గించుకోవడం కంటే ‘ఫిట్ చేసి చూసి, బాగోకపోతే వాపసు’ అన్న మాట తీసుకోవడమే పెద్ద లాభం. ఆ మాట మనకంటే మేస్త్రికి ఇస్తేనే నిలబడుతుంది, ఎందుకంటే ఆయన వారానికోసారి ఆ కొట్టుకి వెళ్లేవాడు. ఇందులో ఆయనకి కొంత మిగులుతుంది. తెలిసి ఒప్పుకోవాలి. ఆయనకి తెలియకుండా కొట్టుకి ఫోన్ చేసి అసలు రేటు అడిగితే ఆ మేస్త్రి చేత మళ్లీ కార్బొరేటర్ ట్యూనింగ్ చేయించుకోవడం కష్టం. ఇంజన్ కొంటే బిల్లు తప్పనిసరి, ఆర్‌సీలో నంబర్ మార్పించుకోవాలి కదా.

రేటు మరీ తక్కువగా ఉందా? అప్పుడు బేరమాడకండి, బిల్లు అడగండి. మీరట్‌లోని సోతీగంజ్ బజారుని దొంగ బండ్ల విడిభాగాల కారణంగానే 2021 డిసెంబరులో పోలీసులు మూయించారు. దొంగ సొత్తని తెలిసి కొంటే కొన్నవాడి మీదా కేసు ఉంటుంది.

అంబాసిడర్ ఉన్నవాళ్లు ఈ లెక్కలన్నీ కాస్త సడలించుకోవచ్చు. అది కోల్‌కతా దగ్గరి ఉత్తరపాడాలో 2014 దాకా తయారైంది, సామాను ఇంకా దొరుకుతోంది. ఈ కొట్టు కాకపోతే మరో కొట్టు అనే ధైర్యంతో గట్టిగా అడగొచ్చు. పద్మినికి ఆ ధైర్యం పనికిరాదు.

మనమే అమ్మేటప్పుడు ‘మీరే ఎంతో చెప్పండి’ అనడం నాకు నచ్చదు. రేటు రాయాలి, ఎవరు ముందు అడ్వాన్స్ ఇస్తే వాళ్లకే ఉంచాలి, తర్వాత ఎక్కువ ఇస్తామన్నవాళ్లు వచ్చినా సరే.

నా మటుకు నేను కార్బొరేటర్, డిస్ట్రిబ్యూటర్ లాంటివి కొట్లోనే కొంటాను. క్రోమ్ సామాను, మీటర్లు యజమానుల దగ్గర, బరువైనవి మేస్త్రి ద్వారా. ఇప్పుడు ఎడమవైపు డోర్ హ్యాండిల్ కోసం వెతుకుతున్నాను. రాజమండ్రి ఆయన దగ్గర జత ఉందట. రెండూ చెప్పిన రేటుకే తీసుకుందామనుకుంటున్నాను, నా ఫోన్ ఎత్తితే.