చిత్రకొండ – జోడాంబో బస్సు: పొద్దున ట్రిప్పు సరే, సాయంత్రానిదే టెన్షన్

సంతల్లో అల్యూమినియం సామాన్లు అమ్ముకునేవాణ్ణి. రెండేళ్లుగా ఒడిశా మల్కన్‌గిరి జిల్లాలో చిత్రకొండ నుంచి జోడాంబో వెళ్లే ఈ ప్రైవేటు బస్సులోనే తిరుగుతున్నాను. ఓనరు పేరు రాయను, మా ఊళ్లో అందరికీ తెలిసిందే.

పొద్దున అన్న టైముకే కదులుతుంది. డ్రైవరు కుర్రాడు నిదానస్తుడు, ప్రతి మలుపులోనూ హారన్ కొడతాడు. వెనక చక్రం మీది సీట్లు మాత్రం వద్దు, నడుం పోతుంది.

మూటలకి రేటంటూ లేదు. అదే గిన్నెల మూటకి ఒకరోజు నలభై, ఇంకోరోజు ఎనభై. అడిగితే "టాపు ఫుల్లయిపోయింది బాబాయ్" అంటాడు కండక్టరు. టిక్కెట్టు ఇవ్వడు. కిందటి నెల జనం తక్కువున్నారని సాయంత్రం ట్రిప్పే ఎగ్గొట్టారు. మూట తలకింద పెట్టుకుని ఒక కిరాణా కొట్టు అరుగు మీద పడుకున్నాను.

పదేళ్ల కిందటైతే జోడాంబో వైపు రాత్రి ఉండటమన్న మాటే లేదు. మా నాన్న నర్సీపట్నం నుంచి డ్యామ్ పనులకొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. బలిమెల డ్యామ్ నీళ్లు నిండాక 151 ఊళ్లు అవతల చిక్కుకుపోయాయి, లాంచీయే దిక్కు. 2008 జూన్ 29న ఆ నీళ్ల మీదే ఆంధ్రా పోలీసుల గ్రేహౌండ్స్ దళం వాళ్ల లాంచీని కొండల పైనుంచి మావోయిస్టులు కాలిస్తే 38 మంది పోయారు. ఆ తర్వాత నాన్న నన్ను లాంచీ ఎక్కనివ్వలేదు. వంతెనకి ఎన్నిసార్లు టెండరు పిలిచినా భయపడి కాంట్రాక్టర్లు రాలేదు. చివరికి బీఎస్‌ఎఫ్ కాపలాలో కట్టారు: గురుప్రియ వంతెన, 910 మీటర్లు, సుమారు 187 కోట్లు. 2018 జూలై 26న నవీన్ పట్నాయక్ ప్రారంభించారు. 2000 నుంచి 2024 దాకా ఆయనే ఒడిశా ముఖ్యమంత్రి కాబట్టే ఫైలు మూలన పడలేదని నా లెక్క. "అన్నేళ్లు నానిందీ ఆయన హయాంలోనే కదన్నయ్యా" అంటాడు మా తమ్ముడు. అదీ నిజమే.

బీఎస్‌ఎఫ్ క్యాంపులకి పోసే డబ్బుతో బడులు కట్టొచ్చు కదా అని టీ కొట్లో వాదించేవాళ్లున్నారు. కాపలా లేకుండా ఆ వంతెన స్తంభాలు లేచేవి కావు, నేను చూశాను. కానీ అవతల రైతు పసుపు బస్తాతో ఇవతలకి రావాలంటే తుపాకీ పని చెయ్యదు, బస్సు కావాలి. తిరుగు బస్సు మీద నమ్మకం లేక చాలామంది ఊళ్లోనే దళారీకి ఇచ్చిన రేటుకి ఇచ్చేస్తున్నారు. ఇన్ని కోట్ల వంతెన మీద సాయంత్రం నాలుగు సీట్లు ఖాళీగా ఉన్నాయని బండి ఆపేస్తే ఒళ్లు మండదా?

అయిదుకి మూడు ఇస్తున్నాను. మూటల రేటు బోర్డు పెడితే ఇంకో అర కలుపుతా. వెళ్లేవాళ్లు దిగేముందే తిరుగు ట్రిప్పు ఉందో లేదో అడగండి. కండక్టర్ని కాదు, డ్రైవర్ని.