మొహం నరం పోటుకు మాత్రా, ఆపరేషనా, సూదా: ఏది మేలు?

ముందు అది పంటి నొప్పో కాదో తేలాలి. మా శ్రీకాకుళం వైపు దవడలో పోటు అనగానే పన్ను పీకించేసుకుంటారు, తగ్గకపోతే పక్కది కూడా. పన్నయితే గంటల తరబడి సలుపుతుంది, రాత్రి నిద్ర పట్టనివ్వదు. ట్రైజెమినల్ న్యూరాల్జియా, అంటే ఈ మొహం నరం పోటు, అలా కాదు, మొహంలో ఒక పక్కనే ఠక్కున వచ్చి క్షణాల్లో పోతుంది, మహా అయితే రెండు నిమిషాలు. "ఏటోరా బావు, దవడకి కరెంటు కొట్టీసినట్టుంది" అంటుంది మా అత్త. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోతుంది, విశాఖ బస్సులో కిటికీ పక్క సీటు ఇస్తే వద్దంటుంది, చెంపకు గాలి తగిలినా చాలు మరి.

డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్లలు దీనికి దండగ. పైగా అవి కిడ్నీలకు చేటు, మా వైపు ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి తెలిసీ అవి మింగడం కోరి ముప్పు తెచ్చుకోవడమే.

పనిచేసేది కార్బమజెపైన్. ఫిట్స్ మాత్ర నాకెందుకని బెదిరిపోతారు గానీ, 1960ల నుంచీ ఈ నొప్పికి మొదట ఇచ్చేది ఇదే, చాలామందికి తొందరగానే గుణం కనిపిస్తుంది. మగత, తూలు, రక్తంలో సోడియం పడిపోవడం దీంతో ఉన్న తంటా, అందుకే రక్త పరీక్షలు మానకూడదు, ఒంటిమీద దద్దుర్లు వస్తే ఆ రోజే డాక్టర్ని కలవాలి. దీని తోబుట్టువు లాంటి ఆక్స్‌కార్బజెపైన్‌తో మగత కాస్త తక్కువే, సోడియం మాత్రం ఇంకా ఎక్కువ పడొచ్చు. గబాపెంటిన్ అనే ఇంకో మాత్ర రాస్తే కిడ్నీ రిపోర్టు చూపించి, కిడ్నీలు సరిగ్గా లేకపోతే డోసు తగ్గించమనండి.

మాత్రలు పనిచేయడం ఆగిపోయినా, మనిషిని తూలించేస్తున్నా, ఎమ్మారైలో రక్తనాళం నరాన్ని నొక్కుతున్నట్టు కనిపిస్తే నా ఓటు ఆపరేషన్‌కే. చెవి వెనక పుర్రెకు చిన్న కన్నం పెట్టి, నాళానికీ నరానికీ మధ్య టెఫ్లాన్ ముక్క పెడతారు. పదేళ్ల తర్వాత కూడా పదిమందిలో సుమారు ఏడుగురికి నొప్పి ఉండదు. ఆ పక్క చెవి వినికిడి తగ్గే ప్రమాదం కొద్దిగా ఉంది, అరుదుగా పక్షవాతం కూడా. మత్తు తట్టుకోలేని పెద్దవాళ్లకు చెంపలోంచి సూది పంపి నరాన్ని కాల్చడం నయం, వెంటనే తెరిపి వస్తుంది, బదులుగా చెంప మొద్దుబారుతుంది, కొన్నేళ్లకు నొప్పి తిరిగి రావొచ్చు. నరానికి రేడియేషన్ కిరణాలు పెట్టే గామా నైఫ్‌లో కోత లేదు, ఫలితానికి మాత్రం వారాలు, నెలలు ఆగాలి.

నలభై లోపు వయసులో వచ్చినా, రెండు పక్కలా ఉన్నా, చెంప ముందే మొద్దుబారినా, చెవి వినపడకపోయినా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు ఎమ్మారై తీయించాలి, గడ్డలాంటిది ఏదైనా ఉంటే దానికి వైద్యం వేరు.