హోల్డెన్ ఒంటరితనమా, ఫ్రాంకీ ఒంటరితనమా: ఏది ముందు చదవాలి?

ఎదిగే వయసులో ఎవరితోనూ పొసగని పిల్లల మీద నవల చెప్పమంటే, ఇంగ్లిషు చదివేవాళ్ల నోట ముందు వచ్చే పేరు జె.డి. శాలింజర్ ‘ద క్యాచర్ ఇన్ ద రై’. 1951లో వచ్చింది. అంతకు ఐదేళ్ల ముందు, 1946లో, కార్సన్ మెకల్లర్స్ ‘ద మెంబర్ ఆఫ్ ద వెడ్డింగ్’ రాశారు. ఆ పేరు మన దగ్గర అంతగా వినపడదు. రెండూ అమెరికా నవలలే. రెండింట్లోనూ అసలు కథంతా నాలుగు రోజుల్లోపే జరిగిపోతుంది. ఉన్నచోటు వదిలి పోవాలని పెట్టె సర్దుకునే పిల్లలు రెండింట్లోనూ ఉన్నారు. ఒక్కటి చదివే తీరికే ఉంటే ఏది చదవాలి అంటే నా ఓటు రెండోదానికి. అలాగని మొదటిదాన్ని తీసిపారేయడానికి లేదు.

‘క్యాచర్’ కథ చెప్పే హోల్డెన్ కాల్‌ఫీల్డ్‌కి పదహారేళ్లు. నాలుగు సబ్జెక్టులు పోయాయి, పెన్సిల్వేనియాలోని బోర్డింగ్ స్కూలు వాళ్లు ఇక రావద్దన్నారు. సంగతి ఇంట్లో తెలియడానికి ఇంకా కొన్ని రోజులుంది. ఈలోపు ఒక శనివారం రాత్రి చెప్పాపెట్టకుండా బయల్దేరి న్యూయార్కులో దిగి, సొంత ఊళ్లోనే హోటల్లో గది తీసుకుంటాడు. సోమవారం దాకా తిరుగుడే తిరుగుడు. వాడి కంటికి అందరూ నటించేవాళ్లే. స్కూలు పెద్దలూ, తోటి కుర్రాళ్లూ, సినిమాలూ, ఎవర్నీ వదలడు. ఆ తిట్లు చదవడానికి భలే సరదాగా ఉంటాయి, పుస్తకం పేరు మోగిపోవడానికి సగం కారణం అవే.

నన్ను పట్టింది మాత్రం స్టేషన్లో ఫోన్ బూత్. రైలు దిగగానే అందులో దూరతాడు. అన్నకి చేద్దామంటే హాలీవుడ్‌లో ఉన్నాడు. చెల్లి ఫీబీకి చేద్దామంటే ఈపాటికి పడుకుని ఉంటుంది, పైగా ఫోనెత్తేది అమ్మో నాన్నో. ఇంకో అమ్మాయి, ఇంకో కుర్రాడు... ఇలా ఒక్కో పేరూ అనుకోవడం, ఏదో ఒక వంక పెట్టి కొట్టేయడం. ఇరవై నిమిషాలు నిలబడి, ఎవరికీ చెయ్యకుండానే బయటికొస్తాడు. వెంటనే టాక్సీ ఎక్కి, ముక్కూమొహం తెలియని డ్రైవర్ని దారిలో ఆగి మందు తాగుదాం రమ్మంటాడు, డబ్బులు తనే పెట్టుకుంటానంటాడు. కుదరదంటాడాయన. హోటల్ గదికి వచ్చిన వేశ్యకి డబ్బులిచ్చి, కాసేపు కబుర్లు చెప్పుకుందాం చాలంటాడు. లోకమంతా దొంగలంటూనే, కనపడ్డవాళ్లనల్లా కూర్చోమని బతిమాలుకునే కుర్రాడు!

దీని వెనకాల తమ్ముడు ఆలీ చావు ఉంది. ల్యుకేమియాతో పోయాడు. ఆ రాత్రి పదమూడేళ్ల హోల్డెన్ గరాజ్ కిటికీ అద్దాలన్నీ వట్టి పిడికిలితో బద్దలు కొట్టాడు. దొంగచాటుగా ఇంటికెళ్లి చెల్లి గదిలో ఉండగా తల్లి వస్తుంది, వీడు బట్టల బీరువాలో దాక్కుంటాడు. ఆలీ బెంగ ఆవిడకీ ఇంకా తీరలేదని వాడికి తెలుసు. అదే బెంగతో నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషి ముందుకి రాలేకపోయాడు. శాలింజర్ ఈ మాట ఎక్కడా నొక్కి చెప్పరు, చదివేవాళ్లే పట్టుకోవాలి.

చిక్కు కూడా సరిగ్గా ఇక్కడే. కథంతా హోల్డెన్ నోటివెంటే నడుస్తుంది. అదే వయసులో అదే అవస్థలో ఉన్న పిల్లలు చదివితే, నాలాంటివాడు ఒకడున్నాడు అన్న తోడు దొరుకుతుంది. దాంతోపాటు ‘చూశారా, తప్పంతా లోకానిదే’ అన్న సమర్థింపూ దొరుకుతుంది. వాడి మాటకి ఎదురు చెప్పే గొంతులు లేకపోలేదు. ఉన్నవి కాస్తా వాడి హోరులో వినపడవు.

మెకల్లర్స్ నవలలోని ఫ్రాంకీ ఆడమ్స్ పన్నెండేళ్ల పిల్ల. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, అమెరికా దక్షిణాదిలో చిన్న ఊరు, ఎండలు మండే ఆగస్టు. కన్నప్పుడే తల్లి పోయింది, తండ్రి పొద్దస్తమానం నగల కొట్లో ఉంటాడు. ఇన్నాళ్లూ తన పక్కనే పడుకున్న పిల్లని, పెద్దదానివైపోయావు వేరే పడుకో అన్నాడు. చుట్టుపక్కల పెద్ద ఆడపిల్లలంతా క్లబ్ పెట్టుకుని దీన్ని రానివ్వలేదు. ఒక్క ఏడాదిలో ఎంత పొడుగయిందో లెక్కేసుకుని, ఇదే లెక్కన పోతే తొమ్మిది అడుగులు దాటిపోతాను, సంతలో వింతమనుషుల డేరాలో కూర్చోబెడతారు అని హడలిపోతుంది. రెడ్‌క్రాస్‌కి రక్తం ఇద్దామనుకుంటుంది. తన రక్తం దేశదేశాల్లో సైనికుల ఒంట్లోకి వెళ్తే వాళ్లందరూ తనకి చుట్టాలైపోతారట! చిన్నపిల్లవి పొమ్మన్నారు. హోల్డెన్ లోకాన్ని వద్దంటాడు, ఈ పిల్లని లోకమే ప్రతి గుమ్మంలోనూ వద్దంటుంది.

అన్నకి పెళ్లి కుదరగానే, కొత్త దంపతులతో తనూ వెళ్లిపోవాలి, ముగ్గురూ ఒకటి కావాలి అని తీర్మానించుకుంటుంది. పెళ్లయ్యాక కారెక్కి కూర్చున్నదాన్ని బయటికి లాగాల్సొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియని ఘట్టం అది.

ఈ నవలకి నా ఓటు పడింది వంటింటి వల్ల. వంట చేసే నల్లజాతి మనిషి బెరనీస్, పక్కనే ఆరేళ్ల చుట్టాల పిల్లాడు జాన్ హెన్రీ. ముగ్గురూ ఆ వేసవంతా పేకాడుకుంటూ, తింటూ, వాదించుకుంటూ గడుపుతారు. తనకెవరూ లేరని ఫ్రాంకీ ఏడిస్తే, ఆ ఏడుపు వింటున్నది ఆ ఇద్దరే. వాళ్లని మాత్రం అది లెక్కలోకి తీసుకోదు. రచయిత్రి కథని ఫ్రాంకీ నోట పెట్టకుండా కాస్త ఎడంగా నిలబడి చెప్పారు కాబట్టే మనకిది కనపడుతుంది. బెరనీస్ ఒకచోట అంటుంది: మనందరం ఎవరి ఒంట్లో వాళ్లం ఇరుక్కున్నవాళ్లమే, కానీ నల్లవాళ్ల చుట్టూ తెల్లవాళ్లు ఇంకో గీత అదనంగా గీశారు అని. ఊరి బయట వాడల్లో పెరిగినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ల వయసు బాధ వయసుతో పోతుంది, ఆ గీత పోదు. హోల్డెన్ పుస్తకంలో ఈ చూపు లేదు.

లోపాలూ ఉన్నాయి. మొదటి భాగం నత్తనడకే. చెప్పిందే చెబుతారు, ఆ వేసవి విసుగు మనక్కూడా ఎక్కాలని కావాలనే అలా రాశారనుకున్నా సరే, ఓపిక కావాలి. బెరనీస్ తన నలుగురు మొగుళ్ల కథ ఎత్తుకునే దాకా ఆగండి. ప్రాణంగా ప్రేమించిన మొదటివాడు పోతే, రెండోవాణ్ణి వాడి బొటనవేలు మొదటివాడి బొటనవేలులా ఉందని చేసుకుంది, మూడోవాణ్ణి మొదటివాడి కోటు వీడి ఒంటిమీదకి చేరిందని చేసుకుంది. పెద్దవాళ్ల ఒంటరితనం ఎంతదాకా పోతుందో ఆ పిల్లకి చెప్పిన తీరు అది.

తలుపు వేసుకుని కూర్చునే ఇంటర్ కుర్రాడికే ఇవ్వాలంటే హోల్డెన్‌నే ఇవ్వండి, వాడు నవ్వుతాడు, పూర్తి చేస్తాడు. బూతులున్నాయి, తాగుడుంది, అందుకే అమెరికాలో ఎన్నో స్కూళ్లలో దీని మీద గొడవలయ్యాయి. ఇంట్లో పెద్దవాళ్లు ముందు ఒకసారి తిరగేస్తే మంచిది. తలుపు బయట నిలబడ్డ అమ్మానాన్నలకీ, టీచర్లకీ మాత్రం ఫ్రాంకీ. రెండూ చదివేట్టయితే హోల్డెన్ ముందు. ఫ్రాంకీ తర్వాత వాడి దగ్గరికెళ్తే, ఇంతసేపూ వీడొక్కడే మాట్లాడుతున్నాడేమిటి అనిపిస్తుంది.

ఫ్రాంకీ నవల చివర్లో జాన్ హెన్రీ మెనింజైటిస్‌తో చనిపోవడాన్ని నాలుగు మాటల్లో తేల్చేశారని కొందరికి కోపం. నాకైతే అదే సరిగ్గా అనిపించింది. అప్పటికి ఫ్రాంకీకి కొత్త స్నేహితురాలు దొరికింది, ఆ పిల్ల ధ్యాసంతా అటే ఉంది. ఆ పిల్లాడికి అంతకన్నా ఎక్కువ పేజీలు ఇచ్చి ఉంటే అబద్ధమయ్యేది.