పెనాంగ్‌లో కాపురం పెట్టగలమా? బరంపురం నుంచి వెళ్ళి చూసొచ్చాం

"ఆ ఎండల్లో, ఆ తుఫాన్లలో ఎందుకు నాన్నా? మలేషియా వచ్చెయ్యండి, శని ఆదివారాలు నేనొచ్చి పోతుంటాను" అని సింగపూర్‌లో ఉన్న మా అబ్బాయి రెండేళ్ళుగా ఒకటే పోరు. నేను ఖుర్దా రోడ్ డివిజన్‌లో స్టేషన్ మాస్టరుగా రిటైరయిన మనిషిని. లైన్ క్లియర్ రాందే బండి వదలడం నాకు చేతకాదు. ముందు చూసొద్దాం, తర్వాత మాట్లాడుకుందాం అన్నాను.

విశాఖ దాకా రైలు, అక్కణ్ణుంచి కౌలాలంపూర్‌కి నేరుగా విమానం. మా తాత గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్ళాడు, కూలికి. ఆయన్ని వీసా అడిగినవాడు లేడు. మమ్మల్నీ అడగలేదు గానీ, మలేషియాలో మనకి వీసా లేకుండా ఉండనిచ్చేది 30 రోజులే.

పెనాంగ్‌లో మూడు వారాలకి తాంజుంగ్ బుంగాలో పద్నాలుగో అంతస్తు ఫ్లాటు తీసుకున్నాం. కిటికీ తీస్తే సముద్రం. మా ఆవిడ మొదటి రెండ్రోజులు అక్కణ్ణుంచి కదల్లేదు. మూడోనాడు కూరలు కొనుక్కొస్తే లిఫ్టు ఆగిపోయి ఉంది. ఆవిడవి అరిగిపోయిన మోకాళ్ళు. కింద కాపలా కుర్రాడు కుర్చీ వేస్తే రెండున్నర గంటలు బెండకాయల సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫ్లాటు యజమానికి మెసేజ్ పెడితే రాత్రి పదికి జవాబొచ్చింది, బొటనవేలి బొమ్మ ఒక్కటి. ఇల్లు మాత్రం శుభ్రం, వంటింట్లో గిన్నెలన్నీ ఉన్నాయి. వయసు మీరినవాళ్ళు అద్దెకి తీసుకుంటే నాలుగో అంతస్తు దాటొద్దని నా సలహా. సముద్రం కాస్త తక్కువ కనబడితే కొంపలేం మునగవు.

ఊళ్ళోకి 101 నంబరు బస్సు. సమయానికొస్తుంది, చల్లగా ఉంటుంది, కానీ డ్రైవరు చిల్లర ఇవ్వడు. జార్జ్‌టౌన్ లిటిల్ ఇండియాలో దిగితే మల్లెపూలు, కాఫీ, ఇడ్లీ, అన్నీ తమిళంలో. 1833 నాటి మహామారియమ్మన్ గుడిలో కూర్చుంటే పరాయి దేశమనే అనిపించదు. మా ఆవిడకి ఒరియా ఎంత వచ్చో తమిళం అంత రాదు. అయినా పూలమ్మే ఆవిడతో వారంలోపే బేరాలు మొదలెట్టింది. సంతలో పచ్చి పనసకాయ కూడా దొరికింది. పనసపొట్టు కొట్టడానికి కత్తి చాల్లేదు, అది వేరే కథ.

మందుల సంగతి ముందే చూసుకోండి. బీపీ మాత్రలు అయిపోతే ఇక్కడిలా స్ట్రిప్పు చూపించి తెచ్చుకుందామని వెళ్ళాను. చీటీ లేందే ఇవ్వనన్నాడు. పక్క క్లినిక్‌లో డాక్టరమ్మ పావుగంట ఓపిగ్గా చూసింది. ఫీజూ మందులూ కలిపి దాదాపు రెండు వేల రూపాయలు. ఎక్కువేం కాదు. కానీ నా జేబులో ఉమిద్ కార్డు ఉంది, రైల్వే ఆసుపత్రుల్లో మా ఇద్దరికీ వైద్యం దానిమీదే. దేశం దాటాక అదొక ప్లాస్టిక్ ముక్క. ఈ వయసులో కొత్తగా ఆరోగ్య బీమా అంటే ప్రీమియం వినగానే బీపీ ఇంకో పది పెరుగుతుంది.

ఉండిపోవాలంటే 'మలేషియా మై సెకండ్ హోమ్' పథకం. 2002లో పెట్టారు, 2024లో నిబంధనలు మార్చారు. సిల్వర్ తరగతికి లక్షా యాభై వేల డాలర్లు అక్కడ డిపాజిట్ చెయ్యాలి, ఆరు లక్షల రింగిట్‌లకి తగ్గకుండా ఇల్లు కొనాలి. డిపాజిట్టే కోటి రూపాయలు దాటిపోతుంది, ఇల్లు ఇంకో కోటి పైమాట. నా గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపినా దాని గుమ్మం తొక్కలేను. జోహోర్‌లో ఫారెస్ట్ సిటీకి తక్కువ డిపాజిట్ చాలట. జనం సరిగ్గా చేరని ఊళ్ళో ముసలివాళ్ళం ఇద్దరం ఏం చేస్తాం?

థాయ్‌లాండ్ లెక్క దీనికన్నా దిగువన ఉంది. యాభై దాటితే రిటైర్మెంట్ వీసా ఇస్తారు. అక్కడి బ్యాంకులో ఎనిమిది లక్షల బాట్‌లు చూపించాలి, లేదా నెలకి 65,000 బాట్‌ల ఆదాయం. 90 రోజులకోసారి ఎక్కడుంటున్నామో ఇమిగ్రేషన్‌కి చెప్పాలి. నేల మన పేర పెట్టరు. ఫ్లాటు కొనుక్కోవచ్చు. హువా హిన్‌లో పది రోజులున్నాం. గది చవక, మనుషులు నెమ్మదస్తులు. ఎరుపూ మీగడ రంగూ వేసిన పాత చెక్క స్టేషన్ని అలాగే ఉంచి, పక్కన ఎత్తుమీద కొత్తది కట్టారు. మీటర్ గేజ్ పట్టాలు చూడగానే ప్రాణం లేచొచ్చింది, రోజూ సాయంత్రం అక్కడే చేరేవాణ్ణి. మా ఆవిడ మాత్రం ఏ కూర చూసినా చేపనీళ్ళ వాసనే అంది. పది రోజులూ అన్నం, పెరుగు, మేం తీసుకెళ్ళిన అప్పడాలే.

పెనాంగ్ నుంచి హువా హిన్ వెళ్ళే ముందు బాగన్ డాతుక్‌లో రెండ్రోజులున్నాం. పెరాక్ రాష్ట్రంలో కొబ్బరితోటల ఊరు. తోటపనికి వెళ్ళిన తెలుగువాళ్ళ మునిమనవలు అక్కడున్నారు. బస లెక్క చెప్పాలంటే ఫ్యాను, దోమతెర, అంతే. టీ కొట్టు దగ్గర మేం మాట్లాడుకుంటుంటే ఎనభై ఏళ్ళ ముసలమ్మ దగ్గరికొచ్చి "ఏ ఊరు బాబూ మీది?" అంది. బరంపురం అంటే తెలీదు, ఇచ్ఛాపురం అవతల అంటే తెలీదు, శ్రీకాకుళం అంటే మొహం వెలిగింది. వాళ్ళ తాతది ఆ పక్కనే ఏదో ఊరట, పేరు పోయింది. మా ఆవిడ చెయ్యి పట్టుకుని కొబ్బరిమట్టల మధ్యనుంచి ఇంటికి తీసుకెళ్ళి చారు పోసింది. మా అమ్మ పెట్టే చారే, మిరియం ఘాటు ఒక్క పిసరు ఎక్కువ. ఆవిడ మనవలు మాత్రం మలయ్, ఇంగ్లీషుల్లోనే జవాబులిస్తున్నారు. బరంపురంలో మా పిల్లలు ఒరియాలో ఇస్తారు, అంతే తేడా.

అబ్బాయికి ఫోన్లో చెప్పేశాను. కాపురం మార్చం, ఏడాదికోసారి 28 రోజులు వస్తాం. కార్డు చెల్లేది ఇక్కడే, పక్కింటివాళ్ళు తలుపు తట్టేదీ ఇక్కడే. ఈసారి తాంజుంగ్ బుంగాలోనే రెండో అంతస్తు చూడమన్నాను. బాగన్ డాతుక్‌కి నాలుగు రోజులు. మా ఆవిడ ఆ ముసలమ్మ కోసం అప్పడాలకి అప్పుడే చెప్పి ఉంచింది, రెండు కిలోలు.