ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌తో పాటు పెద్ద ఎంసీబీ అంటగడుతున్నారు, జాగ్రత్త

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ల్యాబుకో ప్రింటింగ్ షాపుకో మెషీన్లను మెయిన్స్ లైను నుంచి వేరుచేసే 3 కేవీఏ టొరాయిడ్ (ఉంగరం ఆకారపు కోర్ ఉన్న) ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనబోతున్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. ఇచ్ఛాపురం నుంచి బరంపురం వెళ్లి తెచ్చుకునేవాళ్లు మరీను. సరుకు తెచ్చి స్విచ్ వేస్తే ఎంసీబీ (కరెంటు మితిమీరితే లైను ఆపేసే స్విచ్) టప్‌మని పడిపోతుంది. దుకాణానికి ఫోన్ చేస్తే "మీ ఎంసీబీ చిన్నదండీ, 32 ఆంప్స్‌ది పెట్టించుకోండి" అంటారు. పెట్టించుకోకండి.

గోడలో ఉన్నది 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరైతే దానికి 16, మహా అయితే 20 ఆంప్స్ ఎంసీబీ ఉండాలి. 32 పెడితే ట్రిప్పులు ఆగుతాయి, నిజమే. రేపు లోడు పెరిగి వైరు కాలుతున్నా అది పడదు.

ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఫుల్ లోడు 13 ఆంప్సే. చిక్కంతా స్విచ్ పడే క్షణంలో ఉంది. అప్పుడు వోల్టేజి సున్నా దగ్గరుండి, కిందటిసారి ఆపినప్పుడు కోర్‌లో మిగిలిన అయస్కాంతత్వం కూడా అదే దిశలో ఉంటే కోర్ సాచురేట్ అయిపోతుంది, అంటే ఇక అయస్కాంతత్వం పట్టనంతగా నిండిపోతుంది. ఇక కరెంటుకు అడ్డు దాదాపుగా వైండింగ్, లైను రెసిస్టెన్సులే. టొరాయిడ్ కోర్‌లో గాలి సందు ఉండదు, అందుకే మిగిలే అయస్కాంతత్వం ఎక్కువ. మొదటి అర సైకిల్లో వందల ఆంప్స్ లాగేస్తుంది. కొన్ని సైకిళ్లలో తగ్గుతుంది గానీ, సి కర్వ్ (ఎంత కరెంటుకు తక్షణం పడాలో చెప్పే రకం) 16 ఆంప్స్ ఎంసీబీ 80 నుంచి 160 ఆంప్స్ లోపే తక్షణం కొట్టేస్తుంది. బి కర్వ్‌దైతే 48 నుంచి 80 లోపే.

స్విచ్ ఏ క్షణంలో పడుతుందో మన చేతిలో లేదు కాబట్టి ఎంసీబీ ఒకసారి ట్రిప్ అవుతుంది, ఇంకోసారి అవదు. దుకాణంలో ఒక్కసారి వేసి "చూశారా, ఏమీ కాలేదు" అంటే లెక్కలోకి రాదు. సి కర్వ్ 16 ఎంసీబీ మీద కనీసం పదిసార్లు వేసి తీసి చూడండి.

డి కర్వ్ పెట్టమని ఇంకొందరు చెబుతారు. 16 ఆంప్స్ డి కర్వ్ ఖచ్చితంగా తక్షణం పడాలంటే 320 ఆంప్స్ కావాలి. 230ని 320తో భాగిస్తే 0.72 ఓమ్. పొడవాటి సర్వీసు వైరుతో నడిచే ఊళ్లలో లూప్ రెసిస్టెన్స్ (కరెంటు వెళ్లి తిరిగొచ్చే దారి మొత్తం రెసిస్టెన్స్) అంతకు మించితే, షార్ట్ అయినా వెంటనే పడకపోవచ్చు. లూప్ కొలిపించాకే డి కర్వ్. అదీ 16 ఆంప్స్‌దే.

అడగాల్సింది సాఫ్ట్ స్టార్ట్. 22 ఓమ్, 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ప్రైమరీకి (కరెంటు లోపలికొచ్చే వైండింగ్) సిరీస్‌లో ఉంటే 325 వోల్టుల పీక్‌కు కరెంటు 15 ఆంప్స్ దాటదు. అర సెకను తర్వాత 30 ఆంప్స్ రిలే దాన్ని బైపాస్ చేయాలి. రిలే పనిచేయకపోతే రెసిస్టర్ మండిపోతుంది, పక్కనే థర్మల్ ఫ్యూజు ఉండాల్సిందే. మెషీన్లు రిలే బైపాస్ చేశాకే ఆన్ చేయాలి.

ఇక్కడా మోసాలున్నాయి. రిలే లేకుండా ఒట్టి ఎన్‌టీసీ (వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే భాగం) పెట్టి సాఫ్ట్ స్టార్ట్ అంటారు. వేడెక్కిన ఎన్‌టీసీకి రెసిస్టెన్స్ దాదాపు ఉండదు. గాలివానలో కరెంటు పోయి క్షణంలో తిరిగొస్తే మళ్లీ ట్రిప్పే. జీరో క్రాసింగ్ ఎస్‌ఎస్ఆర్ (వోల్టేజి సున్నా దగ్గర ఆన్ అయ్యే ఎలక్ట్రానిక్ రిలే) ఇంకా ఘోరం. ట్రాన్స్‌ఫార్మర్‌కు అన్నిటికన్నా చెడ్డ క్షణంలోనే పనిగట్టుకుని ఆన్ చేస్తుంది!

అయితే ప్రతి ట్రిప్పూ ఇన్‌రష్ (స్విచ్ వేయగానే దూసుకొచ్చే కరెంటు) వల్ల కాదు. సెకండరీకి (మెషీన్లకు కరెంటిచ్చే వైండింగ్) ఏమీ కలపకుండా, 200 వాట్ల ఫిలమెంట్ బల్బు ప్రైమరీకి సిరీస్‌లో పెట్టి చూడండి. మెరిసి మందగిస్తే పర్లేదు. వెలుగుతూనే ఉంటే వైండింగ్‌లో షార్ట్ ఉన్నట్టే, తిప్పి పంపేయండి. తర్వాత బల్బు తీసి నేరుగా కలిపి, లోడు లేకుండా క్లాంప్ మీటరు పెట్టండి. ఒక ఆంప్ దాటితే కోర్ నాసిరకం. రాత్రి వోల్టేజి 250కి ఎక్కినప్పుడు గుర్రుమంటూ కాగుతుంది.

బిల్లు మీద "రిలే బైపాస్ సాఫ్ట్ స్టార్ట్ ఉంది, సి కర్వ్ 16 మీద ట్రిప్ కాదు" అని రాయించుకోండి. ట్రిప్ అవుతుండగా వీడియో తీసి ఉంచండి, పాత ఎంసీబీ మార్చకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్న ఊళ్లోనే కాదు, మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. బరంపురంలో కొన్నా శ్రీకాకుళంలో వేయొచ్చన్నమాట. జీవనోపాధి కోసం సొంతంగా నడుపుకునే షాపుకూ ఇది వర్తిస్తుంది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.