పల్లెటూరి ప్రెప్ బోర్డింగ్ స్కూల్: మావాడు బయటికొచ్చాక నా రివ్యూ

దక్షిణ ఇంగ్లండ్‌లో పొలాల మధ్య ఉన్న ఒక ప్రెప్ బోర్డింగ్ స్కూల్లో (పదమూడేళ్ళ దాకా పిల్లల్ని అక్కడే ఉంచి చదివించే ప్రైవేటు స్కూల్) మావాడు ఎనిమిదో ఏట చేరి, పదమూడు నిండాక బయటికొచ్చాడు. స్కూల్ పేరు చెప్పను. ఇక్కడున్న మనవాళ్ళు, ముఖ్యంగా నైట్ డ్యూటీలు చేసే డాక్టర్ జంటలు తరచూ అడుగుతున్నారని రాస్తున్నా.

బ్రోషర్‌లో చరిత్ర పేజీని మాత్రం తిప్పేయకండి, రేపు మీకు నచ్చేవీ విసుగు తెప్పించేవీ సగం అక్కడి నుంచే వస్తాయి. ఉదాహరణకి ససెక్స్‌లోని విండిల్‌షామ్ హౌస్ అనే ప్రెప్‌నే తీసుకోండి. చార్లెస్ మాల్డెన్ అనే నేవీ లెఫ్టినెంట్ 1837లో పెట్టాడు (అంతకుముందు ఓడలో సర్వే పని చేసినాయన, పసిఫిక్‌లో ఒక దీవికి ఈయన పేరే ఉంది). స్కూల్ బ్రైటన్‌లో చాలాకాలం నడిచి, అటూఇటూ మారి, 1934లో సౌత్ డౌన్స్ కొండల దగ్గర హైడెన్ హౌస్ అనే పెద్ద బంగళాకు చేరింది. తరాల పాటు ఆ కుటుంబమే నడిపింది, 1967లో ఆడపిల్లల్నీ చేర్చుకుంది. ఇలా పాత బంగళాల్లో స్థిరపడ్డవి చాలానే ఉన్నాయి, పన్నుల భారం మోయలేక దొరలు వదులుకున్న ఇళ్ళు స్కూళ్ళకు కలిసొచ్చాయి. అందుకే కనుచూపు మేర పచ్చిక, ఎక్కడానికి చెట్లు, పొర్లడానికి కావలసినంత బురద. మావాడికి పండగే. చలికాలంలో డార్మిటరీ మాత్రం ఎప్పుడూ వెచ్చబడలేదు, ఎన్నిసార్లు చెప్పినా "పాత బిల్డింగ్ కదండీ" అనేవారు.

అసలు ఆలోచించాల్సింది పదమూడేళ్ళ సంగతి. ఈటన్ లాంటి పబ్లిక్ స్కూళ్ళు (పేరుకి పబ్లిక్, నిజానికి ఫీజు కట్టే ప్రైవేటు సెకండరీ స్కూళ్ళు) పిల్లల్ని పదమూడుకి తీసుకుంటాయి, ప్రెప్‌లు పుట్టిందే వాటికి పిల్లల్ని తయారుచేయడానికి, వాటిలో చేరడానికి 1904 నుంచి కామన్ ఎంట్రన్స్ అనే పరీక్ష కూడా ఉంది. ప్రభుత్వ సెకండరీ స్కూళ్ళేమో పదకొండుకే మొదలు. మధ్యలో గ్రామర్ స్కూల్‌కి (పరీక్ష పెట్టి పిల్లల్ని ఎంచుకునే ప్రభుత్వ స్కూల్) ప్రయత్నిద్దామనుకుంటే ప్రెప్ సిలబస్ మీకు అంతగా ఉపయోగపడదు. మేం బయట ట్యూషన్ పెట్టిస్తే స్కూల్ వాళ్ళు మొహం ముడుచుకున్నారు. రెండేళ్ళు అదే టెన్షన్.

ఒకప్పుడు ఇండియాలో పనిచేసే తెల్ల అధికారులు, మన మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళతో సహా, ఏడెనిమిదేళ్ళ పిల్లల్ని ఇలాంటి చోట్ల వదిలి ఏళ్ళ తరబడి చూసేవారు కాదు. ఇంగ్లండ్ ప్రైవేటు స్కూళ్ళలో బెత్తం 1999 దాకా చట్టబద్ధమే! ఇప్పుడు ఆ రోజులు కావు, టర్మ్ మధ్యలో ఇచ్చే ఎగ్జియట్ వీకెండ్ సెలవులకు ఇంటికి వస్తారు, వీడియో కాల్ ఉంటుంది. అయినా మొదటి టర్మ్‌లో మావాడు ఫోన్‌లో ఊఁ, ఊఁ తప్ప మాట్లాడలేదు. వాణ్ణి నిలబెట్టింది మేట్రనే (హాస్టల్లో పిల్లల బాగోగులు చూసే ఆవిడ). మీరు చూడటానికి వెళ్తే హెడ్‌మాస్టర్‌తో టీ తాగడం కన్నా మేట్రన్‌తో పది నిమిషాలు మాట్లాడటం నయం.

ఫీజు ఏడాదికి ముప్పై వేల పౌండ్లు దాటుతుంది, 2025 జనవరి నుంచి దాని మీద 20 శాతం వ్యాట్. మా పాప ఊళ్ళోనే డే స్కూల్‌కి వెళ్తోంది. వ్యాట్ లేకపోయినా అక్కడే వేసేవాళ్ళమేమో, మా ఆవిడైతే బోర్డింగ్ మాటే ఎత్తనివ్వదు.